అమ్మకో నాన్నకో ఆపరేషన్, మీరేమో విదేశంలో: ఏం చేయాలి, ఎలా చేయాలి

ముందే ఒక మాట చెప్పేస్తాను. రోజుకి ఆరుసార్లు ఫోన్ చేసి "ఎలా ఉందమ్మా" అని అడిగినంత మాత్రాన కుట్లు తొందరగా మానవు. అడిగిన ప్రతిసారీ "ఏటీ లేదురా, బాగానే ఉన్నాను, నువ్వు తిన్నావా?" అనే వస్తుంది. మీరు కంగారు పడకూడదని అమ్మ అనే మాట అది, దాన్నిబట్టి ఆరోగ్యం ఎలా ఉందో ఏమీ తెలియదు. దూరంగా ఉన్నవాళ్ళు చేయాల్సిన పని వేరే ఉంది. అక్కడ మంచం పక్కన ఉన్న మనిషి, నాన్న కావచ్చు, వదిన కావచ్చు, ఎదురింటి పిన్ని కావచ్చు, ఆ మనిషి చేత్తో చేసే పని తప్ప మిగతా బరువంతా మీ నెత్తిన వేసుకోవడం. కాగితాలు, డబ్బు, డాక్టరుతో మాటలు, మందుల లెక్క, చుట్టాలకి జవాబులు, ఇవన్నీ ఫోన్ మీద అయ్యే పనులే.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇది ఏ ఒక్కరి కథో కాదు. కువైట్‌లో వెల్డింగ్ చేసేవాళ్ళు, ఓడల మీద వెళ్ళే కవిటి, సోంపేట కుర్రాళ్ళు, సింగపూర్ షిప్‌యార్డులో ఉన్నవాళ్ళు, డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, అందరి ఇళ్ళలోనూ వెనక ఇద్దరు పెద్దవాళ్ళే మిగిలారు. కాబట్టి సాఫ్ట్‌వేర్ జీతం ఉన్నవాళ్ళకే పనికొచ్చే సలహాలు కాకుండా అందరికీ పనికొచ్చేవి రాస్తున్నాను.

1. మంచం పక్కన ఎవరుంటారో తేల్చండి

అన్నిటికన్నా ముందు ఇది. "నాన్న ఉన్నారు కదా", "వదిన చూసుకుంటుందిలే" అని మీ మటుకు మీరు అనుకుంటే కాదు. ఫోన్ చేసి సూటిగా అడగండి: ఆసుపత్రిలో రాత్రిళ్ళు ఎవరు, ఇంటికొచ్చాక మొదటి పదిహేను రోజులు ఎవరు, వంట ఎవరు, రివ్యూకి తీసుకెళ్ళేది ఎవరు. నాలుగూ ఒకరి మీదే పడితే ఆ మనిషి వారం తిరక్కుండా మంచాన పడతారు. డెబ్బై ఏళ్ళ నాన్న అమ్మని పైకి లేపలేరు, లేపబోతే ఆయన నడుం పట్టేస్తుంది. అమ్మకి స్నానం, బట్టలు, బెడ్‌పాన్ దగ్గర ఆడమనిషి ఉండాల్సిందే. కొడుకు పక్కనే ఉన్నా అమ్మ అడగదు, బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం తగ్గించేస్తుంది. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి మొదలవుతాయి.

డాక్టరుతో మాట్లాడేది కూడా ఒక్కరే ఉండాలి. హైదరాబాద్ అన్నయ్య, అమెరికా అక్క, మీరు, ముగ్గురూ విడివిడిగా ఫోన్ చేస్తే డాక్టరు ముగ్గురికీ ఎత్తడం మానేస్తారు. ఆ ఒక్కరు ఎవరో మీలో మీరు తేల్చుకుని, అమ్మ చేత డాక్టరుకి ఒక మాట చెప్పించండి: "మా అబ్బాయి ఫోన్ చేస్తాడండి, వాడికి అన్నీ చెప్పండి." రోగి అనుమతి ఉంటే మాట్లాడటానికి డాక్టర్లకి అభ్యంతరం ఉండదు. రౌండ్స్ అయ్యాక ఏ టైమ్‌కి చేయొచ్చో కనుక్కుని, ప్రశ్నలు ముందే రాసుకుని చేయండి.

2. ఆపరేషన్‌కి ముందు డాక్టరుకి చెప్పాల్సినవి

ఏ మందులు వాడుతున్నారో "బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ" అంటే సరిపోదు. ఇంట్లో ఉన్న షీట్లన్నీ మంచం మీద పరిచి ఫోటోలు తీయించండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులుంటే అవి ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో లేదో డాక్టరే చెప్పాలి. గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్ళు సొంతంగా ఆపేస్తే ప్రమాదం.

చుట్ట గురించి దాచొద్దు. మన దగ్గర పెద్దవయసు ఆడవాళ్ళు కూడా కొందరు అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగుతారు, ఆ మాట డాక్టరు దగ్గర ఎవరూ ఎత్తరు, సిగ్గు. పొగ తాగితే గాయం ఆలస్యంగా మానుతుంది, మత్తు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల ఇబ్బంది పెరుగుతుంది. మీరే ఫోన్లో చెప్పేయండి.

ఇక మీది ఉద్దానం అయితే, అంటే పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపైతే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం చేతిలో లేకుండా ఆపరేషన్ గదిదాకా వెళ్ళనివ్వకండి. అక్కడ షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీ జబ్బు వస్తుందన్నది అందరికీ తెలిసిందే, చాలామందికి బాగా ముదిరేదాకా బయటపడదు. కిడ్నీ బలహీనంగా ఉంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు మంచివి కావు, కొన్ని యాంటీబయాటిక్‌ల మోతాదు కూడా తగ్గించాల్సి వస్తుంది. విశాఖలో ఆపరేషన్ చేసే డాక్టరుకి మీ ఊరు ఎక్కడో తెలియకపోవచ్చు. "మాది ఉద్దానం అండి, కిడ్నీ ఒకసారి చూడండి" అని చెప్పడానికి నిమిషం పట్టదు. ఇంకోటి, అక్కడ కొబ్బరితోట లేని ఇల్లుండదు కదా, ఆపరేషన్ అయిందనగానే రోజూ రెండు బొండాలు కొట్టి ఇచ్చేస్తారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం గుండెకి ప్రమాదం. డాక్టరుని అడిగాకే ఇవ్వమనండి.

3. తేదీ ఎంచుకునే వీలుంటే

మోకీలు మార్పిడి, హెర్నియా, కంటి శుక్లం లాంటివి చాలావరకు మన వీలు చూసుకుని చేయించుకునేవే. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. ఆ నెలల్లో తప్పదంటే రెండు వారాల మందులు ఇంట్లో ఉంచండి, పవర్ బ్యాంకు, చార్జింగ్ లైటు కొనిపించండి, ఫోన్ పనిచేయకపోతే కబురు ఎవరి ద్వారా వస్తుందో అనుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళయితే వాడుతున్న సీసా ఎన్నాళ్ళు బయట ఉండొచ్చో మందుల షాపులో అడిగి ఉంచుకోండి.

విజయనగరం వాళ్ళు సిరిమానోత్సవం చూసుకోండి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే సందుండదు, ఆ రోజు రివ్యూ పెట్టుకుంటే అంబులెన్సు కూడా చుట్టూ తిరిగి రావాలి. శ్రీకాకుళంలో రథసప్తమి నాడు అరసవల్లి దారి కూడా అంతే. సంక్రాంతికైతే ఫిజియోథెరపీ అబ్బాయి, ఆయా, అందరూ వాళ్ళ ఊళ్ళకి పోతారు.

4. మీరు ఎప్పుడు రావాలి

సెలవు ఒక్కసారే దొరికితే చాలామంది ఆపరేషన్ రోజుకి వస్తారు. నా ఉద్దేశంలో మోకీలు లాంటి వాటికి అది తప్పు లెక్క. ఆసుపత్రిలో నర్సులు, డ్యూటీ డాక్టర్లు ఉంటారు, మీరు కారిడార్‌లో కుర్చీ మీద కూర్చోవడం తప్ప చేసేదేం లేదు. ఇంటికొచ్చిన మొదటి రెండు వారాలే కష్టం. డిశ్చార్జి నాటికి దిగేలా టికెట్ చూసుకోండి. బైపాస్, క్యాన్సర్ లాంటి పెద్దవాటికి మాత్రం ఆపరేషన్‌కే రండి, అక్కడ అప్పటికప్పుడు నిర్ణయాలు తీసుకోవాల్సి రావచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే సెలవు చట్టం కింద తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి 12 వారాల వరకు జీతం లేని సెలవు ఉంటుంది, కంపెనీలో కనీసం 50 మంది ఉండాలి, మీరు అక్కడ ఏడాది పనిచేసి ఉండాలి. వీసా స్టాంపింగ్ బాకీ ఉంటే తిరిగి వెళ్ళడం ఎలాగో చూసుకుని బయల్దేరండి. గల్ఫ్‌లోనో ఓడ మీదో ఉన్నవాళ్ళకి అన్నిసార్లూ రావడం కుదరదు. అలాంటప్పుడు టికెట్ డబ్బుని ఆయాకి జీతంగా మార్చండి, ఉపయోగం దాదాపు అంతే ఉంటుంది.

5. ఇల్లు సిద్ధం చేయించడం

వీడియో కాల్‌లో ఇల్లంతా ఒకసారి చూపించమనండి, మంచం దగ్గర మొదలుపెట్టి బాత్రూమ్ దాకా రోగి నడిచే దారిలోనే నడుస్తూ. గడప ఎంత ఎత్తు, నేల మీద పట్టాలు, వైర్లు ఏమున్నాయి, రాత్రి లైటు ఎక్కడుంది. నవారు మంచం పనికిరాదు, కుంగిపోతుంది, అందులోంచి లేవడమే మోకాలికి శిక్ష. కూర్చుంటే పాదాలు నేలకి ఆనేంత ఎత్తులో గట్టి మంచం కావాలి. ఇండియన్ టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ కొనండి, సర్జికల్ సామాన్లు అమ్మే షాపుల్లో వాకర్‌తో పాటే దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకి కూడా ఇస్తారు. బాత్రూమ్ గోడకి పట్టుకునే రాడ్డు బిగించడానికి ప్లంబర్ రావాలి, "రేపొస్తాను" అని వారం తిప్పుతాడు, కాబట్టి ఆ పని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టండి. కెమెరా పెట్టాలనుకుంటే అమ్మానాన్నలకి చెప్పి, వాళ్ళు సరేనంటేనే హాల్లో పెట్టండి, చెప్పకుండా పెట్టి తర్వాత దొరికిపోతే ఆ అలక తీర్చడం ఆపరేషన్ కన్నా కష్టం.

6. డిశ్చార్జి రోజు

ఆ రోజు ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు. బిల్లు, అంబులెన్సు, సామాన్ల హడావుడిలో నర్సు గబగబా చెప్పింది ఎవరికీ గుర్తుండదు. మీరు ఆ టైమ్‌కి మేలుకుని ఉండి వీడియోలో ఉండండి. స్పీకర్ పెట్టించి నర్సు చెప్పేది మీరు రాసుకోండి. అడగాల్సినవి:

కుట్లో పిన్నులో ఎప్పుడు తీస్తారు, ఎక్కడ తీయించుకోవాలి. స్నానం ఎప్పుడు, గాయం తడవొచ్చా. డ్రెస్సింగ్ ఎన్ని రోజులకి మార్చాలి, ఇంటికొచ్చి మార్చేవాళ్ళుంటారా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షనో బిళ్ళో ఎన్నాళ్ళు. ఆపిన పాత మందులు ఏ రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎంత బరువు ఎత్తొచ్చు, మెట్లు ఎక్కొచ్చా. రాత్రిపూట తేడా వస్తే ఏ నంబరుకి చేయాలి, ఆ నంబరు నిజంగా ఎవరైనా ఎత్తుతారా. చివరిది అక్కడే నిలబడి ఒకసారి డయల్ చేసి చూడమనండి.

డిశ్చార్జి సమ్మరీ ప్రతి పేజీ, లోపల అమర్చిన ఇంప్లాంట్ స్టిక్కర్, బిల్లులు, రిపోర్టులు, అన్నీ వెలుతురులో ఫోటో తీయించి మీ దగ్గర ఒక ఫోల్డర్‌లో పెట్టండి.

విశాఖలో చేయించుకుంటే తిరుగు ప్రయాణం కూడా ఆలోచించాలి. విజయనగరం అరవై కిలోమీటర్లు, ఫర్వాలేదు. శ్రీకాకుళం వంద దాటుతుంది, ఇచ్ఛాపురం అయితే రెండు వందలు దాటుతుంది. గంటకోసారి బండి ఆపి, పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి, ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టమనండి. బయల్దేరే ముందు నొప్పి మందు వేయాలా అని డాక్టరుని అడగండి. మధ్యలో చుట్టాలింట్లో ఆగి భోంచేసి రావడాలు వద్దు.

7. మందుల లెక్క

నా లెక్కలో దూరం నుంచి మీరు చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మన మందుల షాపుల్లో ఐదు బిళ్ళలు కావాలంటే షీటు కత్తిరించి ఇచ్చేస్తారు. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది, చేతికొచ్చేది పేరు లేని వెండి కాగితం. వారం తర్వాత అలాంటివి నాలుగు డబ్బాలో కలిసిపోతే ఏది ఏమిటో ఎవరూ చెప్పలేరు. అందుకని పూర్తి షీట్లే కొనమనండి, మిగిలితే మిగిలింది. కత్తిరించిందే వస్తే, ఆ క్షణమే మార్కర్‌తో వెనకాల పేరు, "పొద్దున్న టిఫిన్ తర్వాత" అని తెలుగులో రాయమనండి. చీటీ మీద 1-0-1 అంటే పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. ఇది తెలియక నొప్పి బిళ్ళని రోజూ మూడు పూటలా వేసేసుకునేవాళ్ళు ఉన్నారు.

డాక్టరు రాసింది లేకపోతే షాపువాడు అదే మందు వేరే కంపెనీది ఇస్తాడు. పేరు మారుతుంది, లోపలి మందు అదే. ఇంట్లో పాతది కూడా ఉంటే రెండూ వేసుకుంటారు. పెద్ద చిక్కు పారాసెటమాల్‌తో: డోలో 650లో ఉన్నది అదే, అల్ట్రాసెట్‌లో ట్రామడాల్‌తో పాటు ఉన్నదీ అదే. నొప్పికి ఒకటి, జ్వరానికి ఇంకొకటి అనుకుని రెండూ వేస్తే లెక్క దాటి లివర్‌కి దెబ్బ. అందుకే వారానికోసారి వీడియో పెట్టించి ఒక్కొక్క షీటూ కెమెరా ముందు పట్టుకోమనండి, మీరు లోపలి మందు పేరు చదివి డిశ్చార్జి సమ్మరీతో సరిచూడండి. విసుగ్గానే ఉంటుంది, ఇరవై నిమిషాలు పడుతుంది, అయినా చేయండి.

గుండె వాల్వు మార్చి ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మందు ఇస్తే, అది ఎంత పనిచేస్తోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష తేదీలు మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆకుకూరలు పూర్తిగా మానేయమని చుట్టుపక్కల వాళ్ళు చెప్తారు. మానడం కన్నా రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినడం ముఖ్యం, ఒక వారం గోంగూర, తోటకూర దండిగా తిని ఇంకో వారం ముట్టకపోతేనే లెక్క తప్పుతుంది.

8. ఫోన్లో ఏం చూడాలి

"ఎలా ఉంది" అని అడగొద్దు, "చూపించు" అనండి. గాయం ఫోటో రోజూ ఒకే టైమ్‌కి, కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా. చుట్టూ ఎరుపు ఉంటే దాని అంచు వెంబడి చర్మం మీద పెన్నుతో గీత గీయమనండి, మర్నాడు ఎరుపు గీత దాటితే డాక్టరుకి ఫోటో పంపాలి. కాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టించి పిక్కలు చూడండి, ఒకటి లావుగా, నొప్పిగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి.

మూడు బంతులున్న ఊపిరి పరికరం ఇచ్చి ఉంటే, వాడి చూపించమనండి. చాలామంది బుడగ ఊదినట్టు దాంట్లోకి ఊదుతారు. ఊదకూడదు, స్ట్రాతో తాగినట్టు గాలి లోపలికి పీల్చాలి, పీల్చి బంతుల్ని కాసేపు పైన నిలపాలి. నాన్న రోజూ బుద్ధిగా పదిసార్లు ఊదుతూనే ఉంటారు, ప్రయోజనం మాత్రం సున్నా. మోకీలు ఆపరేషన్ అయినవాళ్ళకి మోకాలి కింద దిండు పెట్టారేమో చూడండి. హాయిగా ఉంటుంది కాబట్టి పెట్టేస్తారు, కానీ అలా ఉంచితే మోకాలు నిటారుగా చాపడం రాదు. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిపించి రోజుకో పేజీ: జ్వరం, బీపీ, షుగరు, మూత్రం, విరేచనం, ఎంతసేపు నడిచారు, ఏం తిన్నారు. రాత్రి పడుకునే ముందు ఆ పేజీ ఫోటో మీకు రావాలి. రివ్యూకి అదే పట్టుకెళ్ళాలి.

ఇవి కనిపిస్తే ఆలోచించకుండా 108కి చేయించండి, మీ ఫోన్ కోసం కాచుకోవద్దని ముందే చెప్పి ఉంచండి: ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మాట ముద్దగా రావడం, ఆగని రక్తం. జ్వరం 101 దాటడం, గాయం నుంచి చీము గానీ వాసన గానీ రావడం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, వాంతులు ఆగకపోవడం, ఇవైతే అదే రోజు డాక్టరుకి ఫోన్.

ఇంకొకటి ఉంది. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో పెద్దవాళ్ళు రాత్రయ్యేసరికి తికమకగా మాట్లాడతారు, ఎప్పుడో పోయిన తాతయ్య వచ్చాడంటారు, మంచం దిగిపోబోతారు. ఇంట్లోవాళ్ళు హడలిపోయి "గాలి తగిలింది" అని తాయెత్తు కట్టిస్తారు. కట్టించనివ్వండి, దానితో గొడవ పడొద్దు, కానీ డాక్టరుకి కూడా చెప్పించండి. ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, మూత్రం ఆగిపోవడం, కొన్ని మందులు, ఇలాంటివి కారణం అవుతాయి, చాలావరకు తగ్గిపోతుంది. కళ్ళజోడు, వినికిడి మిషన్ పెట్టించడం, పగలు వెలుతురులో కూర్చోబెట్టడం సాయపడతాయి.

9. పథ్యం, ఆర్‌ఎంపీ, చూడ్డానికి వచ్చేవాళ్ళు

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ వద్దని, పెరుగు వద్దని, గుడ్డు వేడి అని పథ్యం పేరుతో చారన్నం మీద నెల రోజులు ఉంచేస్తారు. గాయం మానాలంటే మాంసకృత్తులే కావాలి, అవన్నీ ఆ వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. మీరు వాదిస్తే "నీకేం తెలుసు, మేము ముగ్గుర్ని కన్నాం" అంటారు. అందుకే వాదించకండి, రివ్యూలో డాక్టరు చేత "రోజూ పప్పు, గుడ్డు, చేప, పెరుగు" అని చీటీ మీద రాయించండి. చీటీ మీద ఉంటే మందు, అప్పుడు పెడతారు. షుగరు, కిడ్నీ ఉన్నవాళ్ళకి జాబితా వేరుగా ఉంటుంది, అదీ రాయించండి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిని తీసిపారేయొద్దు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయనే. బీపీ చూడటానికి, చెప్పిన మందు ఇవ్వడానికి బాగా పనికొస్తారు. నొప్పి అనగానే ఇంజెక్షన్, నీరసం అనగానే సెలైన్ మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరు మాట లేకుండా వద్దని మీరే ఆయనకి ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి. మీరే చేస్తే ఆయన గౌరవంగా తీసుకుంటారు, ఇంట్లోవాళ్ళ చేత చెప్పిస్తే నొచ్చుకుంటారు.

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి. రాకపోతే తప్పు, వస్తే హార్లిక్స్ డబ్బాతో వచ్చి రెండు గంటలు కూర్చుని "మా తోడికోడలికి ఇలాగే చేస్తే..." అని మొదలుపెడతారు. అమ్మ వద్దనలేదు, నాన్న లోపలికి వెళ్ళి టీ పెట్టాలి. తప్పంతా మీ మీదకి తోసేయమనండి: "అబ్బాయి ఒప్పుకోవట్లేదు, డాక్టరు పది రోజులు ఎవరినీ రానివ్వొద్దన్నాడట." మీరు ఎలాగూ అక్కడ లేరు, తిట్టుకున్నా వినపడదు. దగ్గరివాళ్ళకి మీరే వాట్సాప్‌లో రెండు రోజులకోసారి ఒక వాయిస్ మెసేజ్ పంపితే సగం ఫోన్లు తగ్గుతాయి.

10. ఆయా, డబ్బు, మోసాలు

ఇంట్లో ఉండే ఆయా లేదా నర్సు విశాఖలో ఏజెన్సీల ద్వారా దొరుకుతారు. చిన్న ఊళ్ళలో ఎక్కువగా ఆసుపత్రి వార్డులో పనిచేసేవాళ్ళని అడిగితేనే దొరుకుతారు. ఆధార్ కాపీ, ఇంటి చిరునామా తీసుకోండి, పాత ఇళ్ళవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి, బంగారం లాకర్‌లో పెట్టించండి. పని ఏమిటో, సెలవు ఎప్పుడో, భోజనం ఎక్కడో మొదటి రోజే చెప్పుకోండి, లేకపోతే అమ్మ ఆమె చేత అంట్లు తోమిస్తుంది, లేదా ఆమెకే అమ్మ వండిపెడుతుంది, రెండూ జరిగేవే. జీతం నెల చివర నాన్న చేతుల మీదుగా కాకుండా వారం వారం మీరే నేరుగా పంపండి. ఊరికే సాయం చేస్తున్న వదినకో పిన్నికో డబ్బు ఇస్తే తీసుకోరు, ఇంటికి గ్యాస్, సరుకులు, పిల్లల ఫీజు లాంటివి మీరు కట్టేయండి.

ఆసుపత్రి చెల్లింపులకి యూపీఐ పరిమితిని 5 లక్షల రూపాయలకి పెంచుతున్నట్టు రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో ప్రకటించింది, మీ బ్యాంకు యాప్‌లో అంత వెళ్తుందో లేదో అడ్వాన్సు కట్టే రోజుకి ముందే చూసుకోండి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇక్కడి బ్యాంకులిచ్చే) ఖాతాలుంటే అమెరికా, సింగపూర్, యూఏఈ లాంటి కొన్ని దేశాల నంబర్లతోనే యూపీఐ పెట్టుకోవచ్చు. ఇంట్లో కొంత నగదు కూడా ఉండాలి, రాత్రి అంబులెన్సు డ్రైవరు క్యూఆర్ కోడ్ చూపిస్తాడని నమ్మకం పెట్టుకోవద్దు.

"ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం, అపాయింట్‌మెంట్ ఖాయం కావాలంటే ఈ లింకులో పది రూపాయలు కట్టండి" అని ఫోన్లు వస్తాయి. ఇవి దొంగ ఫోన్లు. ఏ లింకు వచ్చినా, ఏ ఓటీపీ అడిగినా మీకు చెప్పకుండా ఏమీ చేయొద్దని నాన్నకి గట్టిగా చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత ఆపగలరు.

ఇన్సూరెన్స్ ఉంటే: క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. కౌంటర్ దగ్గర సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ మాట ఎత్తండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకుంటే డిశ్చార్జి తర్వాత ఏ మందులు, ఏ రివ్యూలు ఆ ప్యాకేజీలోనే వస్తాయో ఆసుపత్రిలో ఉండే ఆ పథకం డెస్కు దగ్గర అడిగించండి. అడక్కపోతే ఎవరూ చెప్పరు.

11. టైమ్ తేడా, మనసు

శ్రీకాకుళంలో పొద్దున్న ఏడైతే డల్లాస్‌లో చలికాలం ముందురోజు రాత్రి ఏడున్నర, ఎండాకాలం ఎనిమిదిన్నర. కువైట్‌లో తెల్లవారుజామున నాలుగున్నర, సింగపూర్‌లో తొమ్మిదిన్నర. దీన్నిబట్టి రోజుకి ఒక్క టైమ్ ఖాయం చేసుకోండి. గాయం, మందుల మాటలు ఆ ఫోన్‌లోనే. ఇంకో ఫోన్ చేస్తే జీడితోట సంగతో, పక్కింటి పెళ్ళి సంగతో మాట్లాడండి, ఆ ఫోన్లో ఆరోగ్యం ఊసు ఎత్తొద్దు. బైపాస్ అయినవాళ్ళు ముఖ్యంగా కొన్ని వారాలపాటు దిగాలుగా ఉంటారు, నిద్ర పట్టదు, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే, తిండి మానేస్తే, డాక్టరుకి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు టెలీమానస్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ళ ఇతర ఇబ్బందులకి 14567 ఉంది.

ప్రతి చిన్న సందేహానికీ అమ్మని బండెక్కించి విశాఖ పంపక్కర్లేదు. 2020లో వచ్చిన టెలీమెడిసిన్ నిబంధనల ప్రకారం డాక్టరు వీడియోలో చూసి చీటీ రాయొచ్చు, కుట్లు తీయించుకోవడం లాంటి చేత్తో చేసే వాటికే వెళ్ళండి.

12. ఆరు వారాలు దాటాక

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయిందని తెలియగానే మీ పని అయిపోయిందనుకోవద్దు. మిగిలిన నొప్పి బిళ్ళలు, యాంటీబయాటిక్‌లు ఇంట్లోంచి తీయించేయండి, లేకపోతే వచ్చే ఏడాది ఎవరికో మోకాలు నొప్పని అవే ఇస్తారు. అద్దె వాకర్, కమోడ్ కుర్చీ తిరిగిచ్చేసి డిపాజిట్ తీసుకోమనండి. చాలా పాలసీల్లో డిశ్చార్జి తర్వాత 60 రోజుల మందులు, పరీక్షలు, ఫిజియోథెరపీ ఖర్చు కూడా వస్తుంది, దానికి అసలు బిల్లులు కావాలి. అవి నాన్న చొక్కా జేబులోనో, దేవుడి పటం వెనకో ఉంటాయి. గడువు దాటకముందే వెతికించి, కొరియర్ చేయించి, రసీదు ఫోటో తెప్పించుకోండి.